పెట్రోమాక్స్ మాంటిల్‌తో మూలకం మార్పిడి: సీసం నుంచి బిస్మత్ దాకా ప్రాజెక్టు డైరీ

ఊరు విజయనగరం. పని జరిగింది ఆగస్టు మొదలు అక్టోబరు దాకా, ముసురు రోజులతో సహా. ఒక మూలకం ఇంకో మూలకంగా మారుతోందని హైస్కూలు ల్యాబులో దొరికే సామానుతో రుజువు చేయాలి. రుజువంటే రెండు కుదరాలి: అర్ధజీవిత కాలం (ఉన్న రేడియోధార్మిక పరమాణువుల్లో సగం మారిపోవడానికి పట్టే సమయం) సరిపోవాలి, యాసిడ్‌లో ఆ పదార్థం కొత్త మూలకంలాగే నడుచుకోవాలి. మొదటిది ఒక్కటే చూసి పండగ చేసుకుంటే ఏమవుతుందో దశ 2లో ఉంది.

మొదలెట్టక ముందే వచ్చే ప్రశ్న: భీమిలి, కళింగపట్నం, భావనపాడు తీరాల నల్ల ఇసుకలో థోరియం ఉంది కదా, గుప్పెడు తెచ్చుకుంటే పోదా? పోదు. థోరియం ఉండేది మోనజైట్‌లో (అందులో 8–10 శాతం థోరియం ఆక్సైడ్). అది చట్టప్రకారం నియంత్రిత ఖనిజం. పైగా థోరియం నుంచి పుట్టే వాయువును ఇసుక రేణువు లోపలే బిగించుకుంటుంది, మన పనికి ఆ వాయువే కావాలి. జాతర్లకీ పెళ్ళిళ్ళకీ వాడిన పెట్రోమాక్స్ లైటు మాంటిల్ (మంట మీద వెలిగే గుడ్డ వల, థోరియం కలిపినది) చాలు.

దశ 1: గీగర్ కౌంటర్ (12 రోజులు)

గీగర్ కౌంటర్ అంటే రేడియేషన్ తగిలినప్పుడల్లా క్లిక్కుమనే పరికరం. దాని కిట్‌తో వచ్చింది జె305 గాజు ట్యూబ్. గాజు మందం బీటా కణాలను (కేంద్రకం వదిలే వేగమైన ఎలక్ట్రాన్లు) చాలావరకు ఆపేసింది. దాన్ని తీసి ఎస్‌బిఎం-20 పెట్టాం: పలచని స్టీలు గోడ, 400 వోల్ట్ల పని, ఆనోడ్ దగ్గర 5.1 మెగా ఓమ్ రెసిస్టర్. ఇది ఆల్ఫాను (కేంద్రకం వదిలే బరువైన కణం) పట్టదు. ఈ ప్రాజెక్టుకి ఆల్ఫా అక్కర్లేదు.

మొదటి తప్పు: హై వోల్టేజిని మామూలు మల్టీమీటర్‌తో నేరుగా కొలవడం. మీటర్ 10 మెగా ఓమ్‌లే, బోర్డు బలం అంతంత మాత్రం. మీటర్ తగిలించగానే వోల్టేజి కూలి 240 చూపించింది. తక్కువుందనుకుని స్క్రూ తిప్పి పెంచాం. మీటర్ తీసేసరికి అసలు వోల్టేజి 500 దాటి ట్యూబ్ ఆగకుండా టకటకలాడింది. ట్యూబ్ పోకపోవడం అదృష్టం. సరైన పద్ధతి:

1. 100 మెగా ఓమ్ రెసిస్టర్లు పది వరసగా టంకం వేయాలి.
2. వాటి చివర మల్టీమీటర్ పెట్టి భూమి వైపు కలపాలి.
3. మీటర్ చూపినదాన్ని 101తో గుణించాలి. 400 వోల్ట్లకి మీటర్ మీద 3.96 రావాలి.

రెండో తప్పు వాతావరణానిది. ముసురు పట్టిన మూడు రోజులు ఖాళీ లెక్క (దగ్గర ఏ వస్తువూ లేకుండా వచ్చే క్లిక్కులు) నిమిషానికి 21 నుంచి ఒక్కోసారి 90కి ఎగబాకింది. రేడియేషన్ పెరగలేదు. బోర్డు మీద మిగిలిన టంకం ఫ్లక్స్ తేమ పీల్చుకుని 400 వోల్ట్ల కరెంటును పక్కకి కార్చింది. పాత టూత్‌బ్రష్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి రెండుసార్లు తోమి, ఎండబెట్టి, హై వోల్టేజి భాగానికి రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వేశాక మళ్ళీ 21కి దిగింది.

ఖాళీ లెక్కని కనీసం గంట తీయండి. గంటకి 1,260 క్లిక్కులు వచ్చాయంటే దాని వర్గమూలం 35, అంటే నిమిషానికి 21.0, అటూ ఇటూ 0.6. ఐదు నిమిషాలే తీస్తే ఆ ఊగిసలాట రెండుకి పైనే ఉంటుంది, చిన్న మార్పులు అందులో మునిగిపోతాయి. గ్రానైట్ గట్టు మీద ఒక లెక్క, చెక్క బల్ల మీద ఇంకో లెక్క తీస్తే తేడా వస్తుంది. ఎక్కడ మొదలెట్టారో అక్కడే ముగించండి.

ట్యూబ్ ఎన్ని బీటాలకి ఒకటి పడుతుందో తెలియాలి. దానికి ఎరువుల కొట్లో దొరికే పొటాష్ చాలు. గ్రాము పొటాషియంలో సెకనుకి సుమారు 31 విఘటనలు (పరమాణువు రేడియేషన్ వదిలి ఇంకోటిగా మారడం) జరుగుతాయి. 60 శాతం అని రాసి ఉన్న ఎరువులో పొటాషియం సగానికి పిసరు తక్కువ, అంటే గ్రాము ఎరువుకి 15.4. అందులో బీటా ఇచ్చేవి 89 శాతం, నిమిషానికి 822. ఒక గ్రామును మెత్తగా నూరి 2×9 సెం.మీ. కాగితం మీద పలచగా జిగురుతో అంటించి, ట్యూబ్‌కి 3 మి.మీ. కింద పెట్టాం. ఖాళీ లెక్క తీసేయగా మిగిలింది 34. అంటే 4.1 శాతం. ఇక మీదట అన్ని నమూనాలూ ఇదే కొలత, ఇదే దూరం. కింద రాసిన క్లిక్కులన్నీ నిమిషానికి, ఖాళీ లెక్క తీసేసినవి.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 4,780 (బోర్డు, ట్యూబ్ 4,600, రెసిస్టర్లు 180). తయారైన బిస్మత్: సున్నా.

దశ 2: గదిలో గాలి

నేల నుంచి వచ్చే రేడాన్-222 వాయువు (పేరు పక్క అంకె పరమాణు భారాన్ని చెబుతుంది) గాలిలో విడిపోయి పొలోనియం, సీసం, బిస్మత్ అవుతుంది. ఆ కూతుళ్ళు దుమ్ముకి అంటుకుని తిరుగుతుంటాయి. బెలూన్‌ని జుట్టుకి రుద్ది గదిలో వేలాడదీస్తే అవి దానికి చేరతాయని పుస్తకాల్లో ఉంటుంది. ఆగస్టులో మన దగ్గర చేరవు. తేమ 80 శాతం దాటిన గాలిలో బెలూన్ మీది విద్యుదావేశం నిమిషాల్లో కారిపోయింది. నాలుగుసార్లు చేస్తే నాలుగుసార్లూ ఖాళీ లెక్కే.

అందుకని వాక్యూమ్ క్లీనర్‌కి మారాం. గొట్టం మూతికి ఎన్95 మాస్కు మధ్య పొర కట్టి గాలి పీల్చడం. ఇందులోనూ ఒక చిక్కు. గాలే మోటారును చల్లబరుస్తుంది, ఫిల్టర్ గాలిని అడ్డుకుంటే పది నిమిషాల్లో మోటారు వేడెక్కి ఆగిపోతుంది. గొట్టానికి 8 మి.మీ. పక్క రంధ్రం పెట్టాక అరగంట నడిచింది.

నేలమట్టపు గదిని రాత్రంతా మూసి ఉంచి, పొద్దున్నే 30 నిమిషాలు పీల్చి, ఫిల్టర్‌ని 2×9కి మడిచి ట్యూబ్ కింద పెడితే:

0 నిమిషాలకి 64
20కి 47
40కి 31
60కి 19
90కి 9
120కి 4

చూడ్డానికి బాగానే ఉంది. కానీ దీంతో ఏం తేలింది? ఏదో ఒకటి అరగంటకి అటూ ఇటూగా సగమవుతోందని. సీసం-214 అర్ధజీవితం 27 నిమిషాలు, బిస్మత్-214ది 20. రెండూ ఒకే ఫిల్టర్ మీద ఉన్నాయి, వంపు రెండింటి కలగలుపు. ఏ క్లిక్కు ఎవరిదో చెప్పలేం. వేరు చేద్దామంటే యాసిడ్ వేడెక్కేలోపే సగం సరుకు పోతుంది. ఈ దారి ఇక్కడితో వదిలేశాం. నిదానంగా తగ్గే సీసం కావాలి.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 4,880. బిస్మత్ తయారైంది, కానీ రుజువు లేదు కాబట్టి ఖాతాలో రాయడం లేదు.

దశ 3: మాంటిల్, టిఫిన్ డబ్బా

థోరియం వరసలో థోరాన్ అనే వాయువు వస్తుంది (రేడాన్-220, 55.6 సెకన్లకి సగం). అది పొలోనియం-216 మీదుగా క్షణంలో సీసం-212 అవుతుంది. సీసం-212కి అర్ధజీవితం 10.64 గంటలు. తాపీగా పని చేసుకోవచ్చు. ఆ సీసం బీటా వదిలి బిస్మత్-212 అవుతుంది, దానికి 60.6 నిమిషాలు. అక్కడ దారి చీలుతుంది: నూటికి 64 పొలోనియం మీదుగా, 36 థాలియం మీదుగా, చివరికి రెండూ కదలని సీసం-208 దగ్గరే ఆగుతాయి. ఏ దారిన పోయినా ఒక్కో బిస్మత్‌కి ఒక్క గట్టి బీటా వస్తుంది. సీసం-212 వదిలేది మెత్తని బీటా, స్టీలు గోడ దాటేది తక్కువ. అందుకే ఈ ట్యూబ్‌లో వినపడే క్లిక్కు దాదాపుగా బిస్మత్ క్లిక్కే. లెక్క కట్టడానికి ఇంతకంటే సుఖం లేదు.

మాంటిల్ కొనేటప్పుడు కౌంటర్ వెంట తీసుకెళ్ళండి. కొత్త రకాల్లో థోరియం బదులు యిట్రియం వాడుతున్నారు. కొన్న ఎనిమిదింటిలో ఐదు చచ్చినవి, మూడే పలికాయి. పాత స్టాక్ మంచిదా, కొత్తదా అంటే సూటిగా జవాబు లేదు. తయారీలో రేడియం-228ని తీసేస్తారు కాబట్టి మాంటిల్ చురుకు మొదట తగ్గుతూ పోయి, 4–5 ఏళ్ళకి అడుగంటి, మళ్ళీ పెరుగుతుంది. బాగా పాతవి మేలు. మాంటిల్‌ని కాల్చొద్దు, కత్తిరించొద్దు, బూడిద పీల్చొద్దు. కాగితం కవర్లోనే ఉంచి వాడండి, చేతులకి గ్లోవ్స్ ఉండాలి. ఆ బల్ల మీద టీ గ్లాసు పెట్టొద్దు.

అమరిక:

1. స్టీలు టిఫిన్ డబ్బా అడుగున మూడు మాంటిళ్ళు, కవర్లతోనే.
2. మూత మధ్యలోంచి ఇన్సులేటర్ కడ్డీ, దాని కొసన 2×9 అల్యూమినియం రేకు.
3. డబ్బాకి ప్లస్ 400 వోల్ట్లు, 10 మెగా ఓమ్ రెసిస్టర్ మీదుగా. రేకుకి భూమి. అప్పుడు డబ్బాతో పోలిస్తే రేకు మైనస్.
4. 24 గంటలు అలా వదలాలి.
5. కరెంటు తీసేసి, డబ్బాని ఆరుబయట తెరిచి పది నిమిషాలు దూరంగా ఉండాలి. ఆ పాటికి మిగిలిన థోరాన్ పోతుంది.

పుట్టిన పొలోనియం పరమాణువుల్లో ఎక్కువ భాగం ప్లస్ ఆవేశంతో ఉంటాయి, మైనస్ వైపు పరిగెత్తుతాయి. ఈ కిటుకు పాతదే: 1901లో ఎల్‌స్టర్, గైటెల్ అనే ఇద్దరు జర్మన్లు మైనస్ తీగను గాలిలో వేలాడదీసి దాని మీద రేడియోధార్మికత పోగుచేశారు.

మొదటి రేకు: 24 గంటల తర్వాత 12 క్లిక్కులు. దండగ. కారణాలు రెండు. కడ్డీగా వాడింది వెదురు పుల్ల, ఈ తేమలో వెదురు కరెంటు పారించే వస్తువే. ఇక డబ్బాకిచ్చిన 400 వోల్ట్లూ గీగర్ బోర్డు నుంచే లాగాం. పుల్ల గుండా కారిన కరెంటుకి బోర్డు 310కి కుంగి, ట్యూబ్ కూడా సరిగ్గా లెక్క పెట్టలేదు. వెదురు తీసి పాలిథీన్ కడ్డీ, డబ్బాకి విడిగా ఇంకో హై వోల్టేజి బోర్డు (రూ. 650) పెట్టాం.

రెండో రేకు, 20 నిమిషాల లెక్కలు:

0 గంటలకి 212
2కి 206
4కి 185
12కి 109
24కి 52
36కి 23
48కి 10

మొదటి రెండు గంటలు దాదాపు కదలకపోవడం తప్పు కాదు. రేకు తీసేటప్పటికి బిస్మత్ ఇంకా సీసంతో సర్దుకునే దశలో ఉంటుంది. 4 గంటల తర్వాతి బిందువులకి గీత గీస్తే అర్ధజీవితం 10.8 గంటలు, అటూ ఇటూ 0.3.

పరమాణువుల లెక్క: 212 క్లిక్కుల్ని 60తో, 0.041తో భాగిస్తే సెకనుకి 86 విఘటనలు. సీసం-212 సగటు ఆయుష్షు 55,270 సెకన్లు. గుణిస్తే రేకు మీద 47.6 లక్షల సీసం పరమాణువులు. అన్నీ బిస్మత్ అయ్యేవే.

మూడో రేకు (196 క్లిక్కులు) రసవాదుల పేరున ఖర్చు చేశాం. వాళ్ళ పనిముట్టు నిప్పు. రేకుని రెండు ముక్కలు చేసి, నాలుగు గంటలు ఆగి, ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి 60 డిగ్రీల పెట్టెలో 12 గంటలు ఉంచాం. చల్లటిది మొదటి లెక్కలో 0.45కి, వేడిది 0.47కి దిగింది. తేడా కొలత పొరపాటులోనే ఇమిడిపోయింది. కొలిమి కదిలించేది పరమాణువు పైపొర ఎలక్ట్రాన్లని, కొద్ది ఎలక్ట్రాన్ వోల్ట్ల వ్యవహారం. బిస్మత్-212 బీటా గరిష్ఠంగా 22.5 లక్షల ఎలక్ట్రాన్ వోల్ట్లతో వస్తుంది. కేంద్రకం దాకా పొయ్యి వేడి చేరదు. పరుసవేది కోసం ఎన్ని పుటాలు పెట్టినా సీసం సీసంగానే మిగిలింది అందుకే.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 5,960. తయారైన బిస్మత్: 94.3 లక్షల పరమాణువులు (2.7 + 47.6 + 44.0).

దశ 4: యాసిడ్, నికెల్

10.8 గంటలు చూపించి ఇది సీసం అంటే, పట్టికలో అంకె చూసి చెప్పినట్టే. తొలి రోజుల్లో కొత్త మూలకాన్ని ఒప్పించడానికి రసాయనం సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. 1902లో మాంట్రియల్‌లో రూథర్‌ఫోర్డ్, సోడీ థోరియం నుంచి థోరియం-ఎక్స్‌ని (థోరియం నుంచి పుట్టే రేడియానికి అప్పటి పేరు) అమ్మోనియాతో విడదీశారు. విడదీసింది నాలుగు రోజులకి సగం తగ్గింది, థోరియం అదే వేగంతో తిరిగి పుంజుకుంది. 1934లో జోలియో క్యూరీ దంపతులు అల్యూమినియంని ఆల్ఫాలతో కొట్టి, అందులో పుట్టిన ఫాస్ఫరస్‌ని యాసిడ్‌లో వాయువుగా బయటికి రప్పించి చూపించారు. 1937లో టెక్నీషియం కూడా అంతే: సైక్లోట్రాన్‌లో (కణాలను వేగంగా పరిగెత్తించే యంత్రం) దెబ్బతిన్న మాలిబ్డినం పలకను కరిగించి పెరియే, సెగ్రె వెతికి పట్టారు. ఇక్కడా అదే దారి. వేడి పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో నికెల్ ముంచితే బిస్మత్ తనంతట తాను వచ్చి నికెల్‌కి అంటుకుంటుంది. ఇంత తక్కువ మోతాదులో సీసం అంటుకోదు.

రేకు మార్చాలి. అల్యూమినియంని యాసిడ్‌లో వేస్తే బుసబుసా పొంగి అదే కరిగిపోతుంది (ఉత్త రేకుతో ముందే చూసుకోవడం మంచిదైంది). బదులు పలచని స్టెయిన్‌లెస్ స్టీలు బద్ద పెట్టాం. యాసిడ్ విషయంలో బాత్రూం కడిగేది పనికిరాదు. దాని పసుపు రంగు ఇనుముది. ల్యాబు యాసిడ్ (35 శాతం) 4.4 మి.లీ. తీసి నీళ్ళలో పోసి 100 మి.లీ. చేస్తే 0.5 నార్మల్ (యాసిడ్ గాఢత కొలత). నీళ్ళలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు. కళ్ళజోడు తప్పనిసరి.

1. స్టీలు బద్దని 10 మి.లీ. వేడి యాసిడ్‌లో 5 నిమిషాలు ఉంచి, దూది పుల్లతో రుద్దాలి.
2. బద్ద తీసేసి, బీకర్‌ని వేడినీళ్ళ గిన్నెలో సుమారు 80 డిగ్రీల దగ్గర ఉంచాలి.
3. నికెల్ బద్దని 600 నంబరు ఎమరీతో రుద్ది, కడిగి, ముంచి, 10 నిమిషాలు కలుపుతూ ఉండాలి.
4. తీసి డిస్టిల్డ్ వాటర్‌లో మూడు వేరు గ్లాసుల్లో కడిగి, ఆరబెట్టి ట్యూబ్ కింద పెట్టాలి.
5. తీసిన క్షణమే సున్నా. గడియారం మొదలు.

మొదటి ప్రయత్నం (బద్ద మీద 205) చెడింది. నికెల్ మీది లెక్క మొదట వేగంగా పడి, తర్వాత సాగి సాగి 10 గంటల తోక చూపించింది. సీసం కూడా వచ్చేసిందన్నమాట. భూతద్దం పెట్టి చూస్తే బద్ద అంచులు గోధుమ రంగులో ఉన్నాయి. బ్యాటరీ ప్యాకులకి వాడే నికెల్ స్ట్రిప్ అని కొన్నది నిజానికి నికెల్ పూసిన ఇనుము. యాసిడ్ అంచుల్ని కొరికింది, ఆ గుంటల్లో సీసం ద్రావణం ఇరుక్కుంది, కడిగినా పోలేదు. అయస్కాంతం ఈ మోసాన్ని పట్టుకోలేదు, ఎందుకంటే స్వచ్ఛమైన నికెల్ కూడా అయస్కాంతానికి అంటుతుంది. పట్టుకునేది ఉప్పునీళ్ళు: బద్దని గోరుతో కాదు, బ్లేడుతో లోతుగా గీసి రాత్రంతా ఉప్పునీళ్ళలో వేయండి. తెల్లారేసరికి గీత తుప్పు పడితే పారేయండి. (1957 నాటి పావలా, అదే 25 నయాపైసల నాణెం, అసలు నికెలే. కానీ దాని మీద అక్షరాల గాళ్ళు కూడా ద్రావణాన్ని పట్టుకుంటాయి, నున్నటి బద్దే మేలు.)

రెండో ప్రయత్నం, అసలు నికెల్. స్టీలు బద్ద మీద 230. కడిగాక దాని మీదే మిగిలిపోయింది 64, మిగతాది ద్రావణంలోకి దిగింది. నికెల్ మీద లెక్కలు:

15 నిమిషాలకి 83
45కి 60
75కి 42
105కి 31
135కి 21
195కి 11

అర్ధజీవితం 61 నిమిషాలు, అటూ ఇటూ 3. తోక లేదు.

మొదటి 15 నిమిషాలు ఎందుకు వదిలేశామంటే, ఆ కాసేపు క్లిక్కులు తగ్గకపోగా పెరుగుతాయి. థాలియం-208 నికెల్‌కి అంటుకోకుండా ద్రావణంలో ఉండిపోతుంది. నికెల్ మీది బిస్మత్ నుంచి కొత్త థాలియం (3 నిమిషాల అర్ధజీవితం) పుట్టి నిలదొక్కుకునేదాకా మూడో వంతుకి పైగా బీటాలు లోటు. దీన్ని చూసి యంత్రం చెడిందని విప్పదీయకండి.

ఎక్కువ విలువైన లెక్క మిగిలిన ద్రావణంలో ఉంది. దాన్ని ఆరుబయట వాచ్ గ్లాస్ మీద ఎండగట్టి (యాసిడ్ పొగ గాలివాలుకి పోయేలా) కొలిస్తే, నికెల్ తీసిన 45 నిమిషాలకి 78, గంటకి 84, 2 గంటలకి 96, 3కి 99, 4కి 97, 6కి 88. ఏమీ కలపలేదు, ఏమీ వేడి చేయలేదు, లెక్క పెరిగింది. బిస్మత్‌ని చాలావరకు లాగేసిన సీసం మళ్ళీ బిస్మత్‌ని కంటోంది. అనుమానం ఉంటే ఆ ఎండిన మరకని ఇంకో 10 మి.లీ. యాసిడ్‌లో కరిగించి, కొత్త నికెల్ ముంచితే మళ్ళీ గంట అర్ధజీవితంతో బిస్మత్ వస్తుంది. మేం ఒకసారి చేశాం, రెండో నికెల్ 15 నిమిషాలకి 38 చూపించింది.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 6,840 (పనికిరాని బద్దల 120తో సహా). తయారైన బిస్మత్: 1 కోటి 92 లక్షల పరమాణువులు (94.3 + 46.1 + 51.7 లక్షలు). బరువు అడిగేవాళ్ళకి: గ్రామును వంద కోట్ల భాగాలు చేసి, ఒక భాగాన్ని మళ్ళీ పది లక్షల ముక్కలు చేస్తే, అలాంటివి ఏడు కూడా లేవు. సీసం నుంచి బంగారమే కావాలంటే సెర్న్‌లో (జెనీవా దగ్గరి కణ పరిశోధన కేంద్రం) ఆలిస్ ప్రయోగం 2015–18 మధ్య 8,600 కోట్ల బంగారు కేంద్రకాలు తయారైనట్టు లెక్క తేల్చింది, మొత్తం 29 పికోగ్రాములు. మన డబ్బా కంటే నాలుగు వేల రెట్లు ఎక్కువ. అవి పుట్టిన మరుక్షణం ఆ యంత్రం గొట్టానికి తగిలి పగిలిపోయాయి.

ఈసారి మార్చేవి

స్టీలు బద్ద మీద 64 మిగిలిపోవడం పెద్ద నష్టం, నాలుగో వంతుకి పైనే. యాసిడ్‌ని 1 నార్మల్ చేసి, రెండు విడతలుగా 5 మి.లీ. చొప్పున కడిగి చూడాలి. నికెల్ ముంచే సమయం 10 నుంచి 20 నిమిషాలకి పెంచితే ఇంకా బిస్మత్ వస్తుంది, కానీ ఆ పది నిమిషాల్లో వచ్చినదాంట్లో తొమ్మిదో వంతు పోతుంది కూడా. 15 దగ్గర ఆపడం సరిపోతుందని లెక్క.

పలకలు, గ్లాసులు, వాడిన దూది అన్నీ మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు రోజులు ఉంచాలి. 96 గంటలకి తొమ్మిది అర్ధజీవితాలు, 512లో ఒక వంతు మిగులుతుంది. నాలుగో రోజు సాయంత్రం స్టీలు బద్ద మీద గంట లెక్క, ఖాళీ లెక్కతో కలిపి: 21.3. మళ్ళీ డబ్బాలోకి ఎక్కించాం.